హై వేస్తే లో ఆరిపోకుండా

పుప్పాలగూడ,
ఆదివారం.

అమ్మకు రసజ్ఞ నమస్కారాలు. నేనూ, నాతో ఉంటున్న జ్యోత్స్నా బాగానే ఉన్నాం. నాన్న దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

ఉన్న లైట్లు వెలుగుతుంటే కారుకు కొత్తవెందుకని అడిగావు. పాతవి మసకబారాయనిపించింది. ఆఫీసు నుంచి వస్తుంటే ఖాజాగూడ చెరువు పక్కన రోడ్డు అంచు తెలిసేది కాదు. కొత్తవాటిలో దగ్గరికి ఒక బల్బు, దాన్ని 'లో' అంటారు; దూరానికి ఇంకొకటి, అది 'హై'. కానీ హై వేస్తే లో ఆరిపోయేది. దూరం కనిపిస్తుంది, బండి ముందు చీకటి. రెండూ కలిసి ఎందుకు వెలగకూడదని నాకు పట్టుకుంది. వైరింగ్ బొమ్మలు చూస్తూ రోజూ చల్లారిన అన్నమే తిన్నాను.

మొదట రెండు బల్బుల తీగలనూ కలిపేశాను. అప్పుడు లో వేసినా హై వెలిగింది. కలిపిన తీగలో కరెంటు అటూ ఇటూ పోతుందని తోచలేదు. ఎదురొచ్చిన బైకతను ఏమన్నాడో రాయను. "కాన్వెంట్ల గివి నేర్పలేదా?" అని పక్క సీట్లో ఉన్న జ్యోత్స్న ఇల్లు చేరేదాకా నవ్వింది.

తర్వాత రిలే తెచ్చాను. అదొక స్విచ్చు, అగ్గిపెట్టెంత ఉంటుంది. హై వేయగానే దానికి కబురందుతుంది. అది బ్యాటరీ నుంచి వేరే తీగతో లో బల్బుకు కరెంటు ఇస్తుంది. మధ్యలో ఫ్యూజు పెట్టాను, భయపడకు. చాలాసేపు వెలిగించి తీగలు పట్టుకుని చూశాను, వేడెక్కలేదు.

నిన్న చీకటిపడే వేళ ఇద్దరం బయలుదేరాం. రెండూ వెలిగాయి. ఎంత సంతోషమేసిందో. చెరువు దగ్గర జ్యోత్స్న ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు, కుక్క."

ఆపాను. ఎక్కడని అడిగాను.

"ఎడమ దిక్కు, ముంగటనే. గింత వెలుగుల కనిపిస్తలేదా నీకు?"

"లేదు."

ఈసారి తను నవ్వలేదు. "దిగు, నేను నడుపుత" అంది.

ఇల్లు చేరాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. లైట్లు వెలిగించి, నేను కార్లోనే కూర్చుని, తనను పక్కనుంచి మెల్లగా కారు ముందుకు నడవమన్నాను. బంపరు మధ్యకు వచ్చాకే తను నాకు కనిపించింది. మళ్లీ చేయించాను, అవతలి పక్కనుంచి కూడా. అంతే. పాత లైట్లు మసకబారలేదమ్మా.

ఇది ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు.

ఒకటి అడుగుతాను. నా చిన్నప్పుడు సినిమా హాల్లో లైట్లు ఆరాక నా భుజం పట్టుకుని నడిచేదానివి. నేను తప్పిపోతానని పట్టుకున్నావనుకునేదాన్ని. నీకు దారి కనిపించేది కాదా? ఎప్పటినుంచి? నాన్నకైనా చెప్పావా?

వచ్చే శనివారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. అందాకా కారు తాళాలు జ్యోత్స్న దగ్గరే ఉంటాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అక్కడ అడుగుతారట. దానికి జవాబు నా దగ్గర లేదు. నువ్వే వచ్చి చెప్పు, నీ కళ్లూ చూపిద్దాం. పగటి బండికే టికెట్టు తీస్తాను.

ఇట్లు,
నీ కూతురు
రసజ్ఞ