పొన్నగంటికూర కోసం

అక్కా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కూతురు పద్మ పురిటికి నా దగ్గరే ఉంది, ఏడో నెల. రక్తం బాగా తక్కువగా ఉందని, రోజూ ఆకుకూర పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. మగ్గం మీద పని లేక కొనే దారి లేదు. అందుకే పొద్దున్నే పామర్రు కాలవ గట్టుకు వెళ్లాను, మనిద్దరం పొన్నగంటికూర కోసుకునే చోటికి.

సంచి నిండాక ఒక రైతు కేకేశాడు.

"అది కొయ్యమాకమ్మా! నిన్ననే గడ్డిమందు కొట్టాం."

"బాగా కడిగి వండితే పోదాండీ? కడుపుతో ఉన్న పిల్లకి."

"అయ్యో, వద్దు తల్లీ. పారబొయ్యి."

పారబోశాను. ఖాళీ సంచితో ఊళ్లోకి నడిచాను. బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని నేను, ముక్కూమొహం తెలియని వాళ్ల గుమ్మం ముందు నిలబడి మునగాకు అడిగాను. ఆ ఇంటావిడ మారుమాట లేకుండా రెండు రెమ్మలు విరిచి ఇచ్చింది.

మధ్యాహ్నం పద్మ అన్నంలో మునగాకు కూర కలుపుకుంటూ, "నువ్వూ తిను పిన్నీ" అంది. నేను తినేశానని చెప్పి, మిగిలిన కూర దాని రాత్రి అన్నానికి దాచాను.

ఇంకా రెండు నెలలుందక్కా. రేపు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియడం లేదు.