గాలిమర గోడ

మార్చి 2, ఆదివారం. ఉదయం 5.20

ఈ వారం గాలిమరను డ్రాగన్ కొట్టిందట. ఉత్తరం గోడ పోయింది. వంతెన సగం పోయింది. సత్రం పైకప్పు కాలింది. చీటీ మీద పళ్ళ డాక్టర్ చేతిరాత ఎప్పటిలాగే చీమలు పాకినట్టు ఉంది.

రెండేళ్ళ కిందట ఏ ముహూర్తాన ఒప్పుకున్నానో. నా ఉద్యోగం డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళకు రంగు వేయడం. మాకు ఆర్డర్లిచ్చే ఈ డాక్టర్, నేను రంగు వేసిన పన్నుకూ అసలు పన్నుకూ తేడా తెలియక, ఇంత పనితనం ఉన్నదానివి మాకో ఊరు చేసిపెట్టమ్మా అన్నాడు. ఊరంటే బల్ల మీది ఊరు. శనివారం శనివారం ఆయన క్లినిక్ వెనక గదిలో ఎనిమిది మంది పెద్దమనుషులు, బట్టతలలూ బొజ్జలూ వేసుకుని, వేలెడు సైనికులతో, మంత్రగాళ్ళతో యుద్ధం ఆడుకుంటారు. ఫోమ్ కోసి, ప్లాస్టర్ పూసి, రాయి రాయికీ రంగు వేసి ఇరవై మూడు కట్టడాలు చేసిచ్చాను. పీడ వదిలిందనుకున్నాను. వాళ్ళకో రూల్ ఉంది. ఆటలో కూలినది వచ్చేవారానికి బల్ల మీద కూడా కూలి ఉండాలి. బల్ల మీద ఏముంటే అదే నిజం. అందుకని వారం వారం పెట్టె మా ఇంటికి వస్తుంది. నేను కట్టినవి నేనే కూలుస్తాను.

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక్క పెట్టు అంటారు. ఇక్కడ కుండ చేసే కుమ్మరీ నేనే, పగలగొట్టే గుదియా నేనే.

మార్చి 4, మంగళవారం

ఫిజియో అమ్మాయి వచ్చి వెళ్ళింది. మామయ్యగారికి జనవరిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కాలు తిరిగి వచ్చింది, మాట వచ్చింది. చెయ్యి రాలేదు. వేళ్ళు రోజురోజుకీ ముడుచుకుపోతున్నాయి. నరాల్లో బలం ఉందిట, మనసులోనే లేదట. వచ్చే నెలలోపు ఆయనంతట ఆయన వాడటం మొదలుపెట్టకపోతే పిడికిలి అలాగే బిగుసుకుపోతుందని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. నొక్కడానికి రబ్బరు బంతి ఇచ్చింది.

ముప్పై ఎనిమిదేళ్ళు తాపీ మేస్త్రీగా చేసిన మనిషి. ఈ చేత్తో ఇంకేం చేస్తానమ్మా, మేడలు కట్టాలా అని బంతిని మంచం కిందికి దొర్లించేశారు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మా ఆయన గూడ్సు రైలు డ్రైవరు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఫోన్ చేసి, నాన్నను నువ్వే ఎలాగోలా ఒప్పించు అన్నాడు. ఎలాగోలా అనేది ఏ షాపులో దొరుకుతుందో చెప్పలేదు.

మార్చి 5

మామయ్యగారి చొక్కా గుండీలు నేనే పెట్టాను. అన్నం నేనే కలిపిచ్చాను. ల్యాబ్‌లో పద్నాలుగు పళ్ళు. కళ్ళు మండుతున్నాయి.

మార్చి 6, గురువారం. ఉదయం 8.30

గాలిమర గోడ పగలగొట్టాను. విరిగిన అంచులకు నల్లరంగు పల్చగా పారించి, ఆరాక డ్రై బ్రష్ చేశాను. అంటే కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగే లేదనిపించాక రాళ్ళ మీద రుద్దడం. అప్పుడే రాయి రాయిలా కనిపిస్తుంది. నాచుకు తాగేసిన టీపొడి ఎండబెట్టి చల్లాను.

నా బల్ల మామయ్యగారి మంచం పక్కనే. ఇంకో చోటు లేదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఇటు తిరిగి చూశారు. గోడ అలా పగలదమ్మాయ్, బీట ముందు కిటికీ మూల నుంచి పుడుతుంది అన్నారు. నాకు ల్యాబ్‌కు టైమ్ అయిపోతోంది. ఇది డ్రాగన్ పగలగొట్టిన గోడ మామయ్యా, దానికి కిటికీ లెక్కలేవీ ఉండవు అన్నాను.

మళ్ళీ అటు తిరిగిపోయారు. అనకుండా ఉండాల్సింది.

మార్చి 8, శనివారం. మధ్యాహ్నం 2.00

పొద్దున పెట్టె సర్దుతుంటే చూశాను. గాలిమరకు ఉత్తరం గోడ ఉంది.

ఎవరో నా ప్లాస్టర్ కలిపి, మైనం చెక్కే నా వ్యాక్స్ నైఫ్‌తో రాయి రాయి తీర్చి గోడ నిలబెట్టేశారు. ఎవరో ఏమిటి, ఇంట్లో ఇంకెవరున్నారు. నిన్న నేను ల్యాబ్‌లో ఉండగా అయిన పని. సాయంత్రం నాలుగింటికి ఆట. కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. నాలుగు రోజులు తెల్లారకముందే లేచి చేసింది ఒక్క పూటలో పాడుచేశారు, మీరు నాకు సాయం చెయ్యకపోతే అదే పెద్ద సాయం అని అరిచాను. కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన మీద గొంతు లేపలేదు. ఇవాళ లేపాను.

ఆయన గోడనే చూస్తూ, మరలో మనుషులు పనిచేస్తుంటారు కదమ్మా, గోడ లేకపోతే ఎలా అన్నారు. చిన్నగా అన్నారు.

చెక్కిపారేద్దామని దీపం కిందకు తెచ్చాను. కింది వరస రాళ్ళు వంకరటింకర, ముద్దలు ముద్దలు. రెండో వరస కొంచెం నయం. నాలుగో వరసకు అంచులు వచ్చాయి. పై వరస దారం పట్టి పేర్చినట్టు ఉంది.

ఆయన చేతులు చూశాను. ఎడమచెయ్యి శుభ్రంగా ఉంది. తెల్లటి ప్లాస్టర్ కుడిచేతి గోళ్ళలో ఉంది.

బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. తర్వాత ఆ గోడకు రంగు వేసి అలాగే పంపించాను.

మార్చి 9, ఆదివారం

డాక్టర్ ఫోన్. గాలిమర మీద ముప్పావు గంట గొడవయిందట. డ్రాగన్ తాలూకు పెద్దమనిషి అలిగి టీ కూడా ముట్టలేదట. కానీ రూల్ రూలే, బల్ల మీద గోడ ఉంది కాబట్టి గోడ ఉన్నట్టే. ఇంకోసారి ఇలా జరిగితే పని వేరేవాళ్ళకు ఇచ్చుకుంటానమ్మా అని మర్యాదగానే చెప్పాడు.

జరగదన్నాను. ఫోన్ పెట్టేసి, ఈసారి సత్రం గోడ కూలిందని ఉన్న కొత్త చీటీ తీసుకెళ్ళి మామయ్యగారి దిండు పక్కన పెట్టాను.

మార్చి 13

సత్రం గోడ. మామయ్యగారు కట్టారు, మొత్తం కుడిచేత్తోనే.

మార్చి 15, శనివారం. రాత్రి 9.00

మధ్యాహ్నం డాక్టర్ పెట్టె కోసం స్వయంగా వచ్చాడు. ఈసారీ గోడ లేచిందేమోనన్న అనుమానంతో తగువుకే వచ్చాడని మొహం చూస్తేనే తెలిసింది. నేను అడ్డం నిలబడి ఏదో సర్దిచెబుతున్నాను. ఆయన నా భుజం మీదుగా లోపలికి చూస్తున్నాడు. మామయ్యగారు మంచం అంచున కూర్చుని, దారానికి చొక్కా గుండీ కట్టి, సత్రం గోడ నిలువుగా ఉందో లేదో తూకం చూస్తున్నారు. దారం వణుకుతోంది. గుండీ ఆగేదాకా ఆయన ఊపిరి బిగబట్టారు. డాక్టర్ కూడా బిగబట్టాడు.

పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం చీటీ వచ్చింది. కూలినవాటి కింద గీత గీసి ఇంకో లైను ఉంది. నేటి నుంచి కొత్త రూల్, ఊరి మేస్త్రీ వారానికి ఒక గోడ కట్టవచ్చు.

మార్చి 24, సోమవారం

ప్లాస్టర్ జల్లించి ఇవ్వాలి. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. కొలత తప్పితే తిట్లు. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ కూల్చి చూడమనలేదు పెద్దలు అంటూ నేను పగలగొట్టిన ప్రతిదానికీ వంకలు. కుమ్మరీ నేనే, గుదియా నేనే అనుకున్నాను. ఇప్పుడు మేస్త్రీకి కూలీని కూడా. నడుము పట్టేసింది. బీటలు మాత్రం కిటికీ మూల నుంచే తీస్తున్నాను. ఆయన చెప్పిందే కరెక్టు.

ఏప్రిల్ 1, మంగళవారం

బొటనవేలు మధ్యవేలిని తాకింది. ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇలాగే రోజూ పని చెప్పండి, ఆపితే మళ్ళీ ముడుచుకుంటుంది అంది. బంతి బాగా పనిచేసినట్టుందే అని కూడా అంది. అవునన్నాను.

బంతి ఇంకా మంచం కిందే ఉంది. ఊడ్చేటప్పుడల్లా చీపురుకు తగులుతుంది.

ఏప్రిల్ 7

పై గుండీ ఆయనే పెట్టుకున్నారు. పదకొండు నిమిషాలు. ల్యాబ్‌కు లేటయింది. పోనీ.

ఏప్రిల్ 12, శనివారం. సాయంత్రం

చీటీ వచ్చింది. రెండు సైన్యాలూ సంధి చేసుకున్నాయట. ఈ వారం ఏమీ కూలలేదు. ఇకమీద కూడా కూలదు కాబట్టి నన్ను విశ్రాంతి తీసుకోమని రాశాడు డాక్టర్. ఇరవై మూడు కట్టడాలూ ఒకసారి తుడిచి ఇస్తే చాలట.

రెండేళ్ళుగా ఈ మాట కోసం ఎదురుచూశాను. చదవగానే భయమేసింది.

మామయ్యగారు చీటీ రెండుసార్లు చదివారు. వచ్చేవారం పనిలేదా అమ్మాయ్ అని అడిగారు. లేదు మామయ్యా అన్నాను. చీటీ మడిచి ఇచ్చేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఏప్రిల్ 13

లేవలేదు. గుండీలు నేనే పెట్టాను.

ఏప్రిల్ 14, సోమవారం. సాయంత్రం 6.15

ల్యాబ్ నుంచి వచ్చేసరికి, తుడవడానికి వచ్చిన కట్టడాల్లో గంటగోపురం బల్ల మీద మూడు ముక్కలై ఉంది. తూకం తప్పిందమ్మాయ్, దానంతటదే పడిపోయింది అన్నారు మామయ్యగారు. సుత్తి ఇంకా కుడిచేతిలోనే ఉంది.

నీళ్ళు కొలిచి తెమ్మన్నారు. తెచ్చాను.