కొలతల గదిలోకి మనిషి కావాలి

ఆదివారం, మధ్యాహ్నం

వదినకు,

నమస్కారాలు. నువ్వూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని మీ తమ్ముడు చెబుతూనే ఉన్నారు. నా అక్షరాలు చూడగానే ముఖం తిప్పుకుంటావని తెలుసు. తిప్పుకొనే చదువు.

కొట్లో సగం మిషన్లు అమ్మేశాను. కుట్టే అమ్మాయిలు ముగ్గురే మిగిలారు. పెద్ద కంపెనీ ఆర్డరు నేను వద్దన్న రోజున, యాభై ఏళ్ల వయసులో గుమ్మంలోకొచ్చిన అదృష్టాన్ని కాలదన్నానని కొట్టు ఎగిరిపోయేలా అరిచావు. మళ్లీ ఈ మెట్టెక్కితే ఒట్టన్నావు. నేనూ నోటికొచ్చినట్టు అన్నాను.

వాళ్లకు కావలసింది మూడే సైజుల్లో వేలకు వేలు లోపల తొడుక్కునే బాడీలు. రొమ్ము తీసేసిన ఆడవాళ్లందరికీ కలిపి మూడు సైజులేమిటి వదినా? నీ ఆపరేషన్ తర్వాత బజారులో కొన్నది తొడుక్కుని అద్దం ముందు ఎలా ఏడ్చావో మరిచిపోయావా? తీసేసిన రొమ్ము చోట గింజల సంచి పెట్టి నీకు కుట్టిన ఆ మొదటి బాడీతోనే కదా మన కొట్టు మొదలైంది!

మన దగ్గరికి వచ్చే మనిషి కోసిన వైపు భుజాన్ని బిగబట్టుకుని నిలబడుతుంది. అప్పుడు కొలిస్తే కుట్టిందంతా దండగ. నువ్వు గది తలుపేసి, ఆమె చేత మొగుణ్ణీ అత్తగారినీ కలిపి తిట్టించి, నవ్వీ ఏడ్చీ ఆమె భుజం వదిలేశాక టేపు వేసేదానివి. ఆ విద్య అమ్మాయిలకు పట్టుబడటం లేదు. మొన్న ఒకామె కొలతలివ్వకుండానే బయటికి నడిచింది. వెనకాలే వెళ్లి పిలిచినా ఆగలేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కొట్టు చిన్నదైపోతే అయింది. అలాంటి మనిషి అలా వెళ్లిపోకూడదు. నాకు వ్యాపారమంటే అంతే. నువ్వొచ్చి అమ్మాయిలకు నేర్పు. నన్ను తిట్టాలనిపిస్తే తిడుతూనే నేర్పు.

ఇట్లు,
నీ మరదలు

తా.క. ఆర్డరు ఎందుకు వద్దన్నానో నీకు పూర్తిగా చెప్పలేదు. అంతకు ముందే నా రిపోర్టు వచ్చింది. నీకొచ్చిన రోగమే. నాకూ ఒకటి కుట్టాలని కత్తెర వెతుక్కోకు, అవసరం లేదు. కోసే దశ దాటిపోయిందని, ఎముకల్లోకి పాకిందని డాక్టరమ్మ చెప్పింది. ఒప్పుకున్నా ఆ ఆర్డరు పూర్తయ్యేదాకా నేను ఉండను వదినా. మీ తమ్ముడికి ఇంకా తెలియదు. ఒక్కదాన్నే చెప్పలేను. చాలా భయంగా ఉంది. త్వరగా రా.