సంతకం లేని గిటార్

31 జనవరి 2016, ఆదివారం. ఉదయం 7:10

ఫిబ్రవరి ఇరవైన స్కూలు వార్షికోత్సవం. ఎనిమిదో తరగతి చదివే మా దీపిక స్టేజీ మీద పాడుతుంది. పక్కన నేను గిటార్ వాయించాలట. కాలేజీ రోజుల్లో వాయించాను. ఆ తర్వాత నరసన్నపేటలో బట్టల కొట్టు, అంతే.

నెట్‌లో ఒక పెద్ద గిటారిస్టు సంతకంతో అమ్మే ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. మా ఆవిడ అనూరాధకి చూపించాను. "సంతకం ఉంటే ఆయనొచ్చి వాయిస్తాడేటండీ?" అంది.

నిజమే. నిర్ణయం: సంతకం వద్దు. పాతది, చవకది, ఒక్కటే. నా చేత్తో బాగుచేస్తాను. తీసిన స్క్రూ ఆ రోజే బిగిస్తాను.

3 ఫిబ్రవరి, బుధవారం

దొరికింది! శ్రీకాకుళంలో నరసింగరావు గారి అటక మీద. ఆయన ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవారు. డెబ్భైల నాటి జపాన్ గిటార్. పేరు చెరిగిపోయింది. దుమ్ము తుడిచి యాంప్లిఫయర్‌కి తగిలిస్తే కాస్త జీరగా, మెత్తగా పలికింది. ప్రాణం లేచొచ్చింది.

"బాగానే పలుకుతాది బాబూ. దీన్నేటీ సెయ్యకు," అన్నారాయన.

సాయంత్రం దీపిక దానితో పాడింది. "ఇది సాలు నాన్నా," అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు.

5 ఫిబ్రవరి. మధ్యాహ్నం 3:20

గుయ్‌మని చిన్న మోత ఉంది. చాలా చిన్నది. విప్పాను. కొంచెమే.

తీగల కింద ఉండే కాయిల్‌లోంచే గిటార్ గొంతు వస్తుంది. దీనికున్నది ఒక్కటే. పక్క కొట్లో ఫ్యాన్లకీ నీళ్ళ మోటార్లకీ కాయిళ్ళు చుట్టే గంగులుకి చూపించాను.

"ఎంట్రుకలాంటి తీగెట్టేడేటి సావుకారూ? ఇదెన్నాళ్ళుంటాది? ఫ్యాను తీగతో సుడతాను, పదేళ్ళు కాల్దు."

గిటార్ కాలిపోతుందన్న భయం అంతవరకూ నాకు లేదు. వెంటనే పట్టుకుంది. చుట్టమన్నాను.

8 ఫిబ్రవరి

కాయిల్‌ని వార్నిష్‌లో ముంచి ఎండబెట్టాడు. లావెక్కింది. గిటార్ గుంటలో పట్టలేదు. ఉలితో కొంచెం చెక్కాను. ఇంకొంచెం. పెచ్చు లేచింది.

పెచ్చు కనపడకూడదంటే రంగెయ్యాలి. రంగంటే సాలూరు. అక్కడ లారీలకి రంగులేసే దాలయ్యకి పంపి, నీ ఇష్టం అని ఫోన్లో చెప్పాను.

బిగించని స్క్రూలు: పదకొండు. రంగు ఆరేదాకా వాటికి మినహాయింపు.

12 ఫిబ్రవరి

వచ్చింది. ముందు తామర పువ్వులు, రెండు చిలకలు. వెనక 'హారన్ కొట్టండి'. తల మీద ఓనరు పేరు: నగరేశ్వరరావు, నరసన్నపేట. సంతకం వద్దనుకున్న గిటార్‌కి నా పేరే పడింది.

ఫోన్ చేశాను. "ఎనకాల ఏటీ రాయకుండా బండిని రోడ్డుకి వదల్తామేటి బాబూ?" అన్నాడు దాలయ్య.

15 ఫిబ్రవరి. సాయంత్రం 6:00

బిగించాను. మూడు స్క్రూలు మిగిలాయి. ఎక్కడివో తెలీదు.

మీటితే పలకలేదు. యాంప్లిఫయర్‌కి చెవి ఆనిస్తే దోమంత శబ్దం. గంగులు వచ్చి బల్బు పెట్టి చూశాడు.

"కాయిలు బెమ్మాండం. కరెంటెల్తన్నాది. పాట రాకపోతే నేనేటి సేస్తాను?"

16 ఫిబ్రవరి

విజయనగరంలో ఇంకో పాత గిటార్ తీసుకున్నాను. గిటార్ కాదు, స్పేర్ పార్టు. కాయిల్ కోసం మాత్రమే. సన్న తీగ వేల చుట్లుంటేనే పలుకుతుందట.

"మరి దానికి మెడ, తీగలు, సంచీ ఎందుకున్నాయండీ?" అంది అనూరాధ.

కొన్ని ప్రశ్నలకి జవాబు రాయను.

17 ఫిబ్రవరి

కాయిల్ పైకి లాగుతుంటే సన్న తీగ తెగింది. ఇప్పుడు రెండు గిటార్లు. శబ్దం సున్నా.

మా నాన్న వాయిస్తాడని దీపిక క్లాసంతటికీ చెప్పిందట. పక్క గదిలోంచి దాని పాట వినిపిస్తోంది. నాకు సిగ్గుగా ఉంది. బాగా పలికేదాన్ని చేజేతులా పాడుచేశాను.

20 ఫిబ్రవరి, శనివారం

గిటార్ పలకదని మధ్యాహ్నం దీపికకి చెప్పేశాను. "ఊరికినే పట్టుకుని నా పక్కన కూసో నాన్నా. నువ్వు నేకపోతే నాకు బయ్యమేస్తాది," అంది.

సాయంత్రం స్టేజీ మీద కూర్చున్నాను. రెండో చరణంలో తడబడి నా వైపు చూసింది. పలకని తీగల మీదే తాళం వేస్తూ తలూపాను. అందుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కిందికి దిగాక హెడ్మాస్టరు, "గిటార్ చాలా మృదువుగా వాయించారండీ," అన్నారు. దీపిక నవ్వాపుకోలేక తెర వెనక్కి పరిగెత్తింది.

21 ఫిబ్రవరి, ఆదివారం. ఉదయం 8:00

వచ్చే ఏడాదికి కూడా మా ఇద్దరి పేర్లూ హెడ్మాస్టరుకి ఇచ్చేసిందట దీపిక. "ఈసారి ఇనపడాల," అని నా స్క్రూడ్రైవరు తీసి తన పెన్సిల్ డబ్బాలో పెట్టుకుంది.

కొత్త నిర్ణయం, దీపిక ఎదురుగా కూర్చుని రాయించింది: పలికే గిటార్‌ని విప్పను.

10:40. పార్వతీపురంలో ఒక పాతది ఉందట. అస్సలు పలకదట. అంటే నిర్ణయం దానికి వర్తించదు.

ఆ మాటే దీపికతో అన్నాను. లోపలికెళ్ళి పెన్సిల్ డబ్బా తెచ్చుకుని బండెక్కి కూర్చుంది.