మా చెరువు మీది ఎర్ర మచ్చ

తేదీ: 12-05-2008

శ్రీయుత ప్రాజెక్టు అధికారి గారికి,
వాయు పాదరస పరిశీలన పథకం, ఏలూరు.

అయ్యా,

విషయం: మా ఊరి గాలిలో పాదరసం ఎక్కువని తాము వేయించిన మ్యాపులో మా చెరువు మీద పడిన ఎర్ర మచ్చను తొలగించుట, లేదా మా చేపను పరీక్షించుట గురించి.

కలిదిండి మండలం కొత్తగట్టు నివాసి, క్రీస్తుదాసు గారి భార్య హన్నమ్మ మనవి చేసుకొనునది.

1. తమ మెషిను జనవరి ఒకటి నుంచి మార్చి ముప్పై దాకా, తొంభై రోజులు, మా డాబా మీద ఉన్నది. గాలిని పీల్చి, అందులోని పాదరసాన్ని బంగారు పూత పూసిన ఇసుక గొట్టంలో పట్టుకొనుట దాని పని. రోజూ ఉదయం ఏడింటికి గొట్టం మార్చి, గాలి ఎటు నుంచి వీస్తున్నదో మూడు పూటలా నోటుబుక్కులో రాయుట నా పని. గాలి చూడటానికి తాము ఏ పరికరమూ ఇవ్వనందున మా వారి లుంగీ దండెం మీద వేసి, అది ఎగిరే దిక్కు బట్టి రాశాను. ఆయన లుంగీ కట్టుకోవలసి వచ్చిన రోజుల్లో దుప్పటి వాడబడినది. ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

2. ఎనభై ఏడు రోజులు అంకె ఘనమీటరు గాలికి రెండు నానోగ్రాములు దాటలేదు. మార్చి 4, 5, 6 తేదీల్లో మాత్రం నూట నలభై, నూట తొంభై, ఎనభై అయిదు వచ్చినది. అన్నీ కలిపి సగటు తీసి, మా ఊరి గాలి ఎప్పుడూ ఆరు అని తాము తేల్చారు. ఇంట్లో ఒకరికి నూట నాలుగు జ్వరం వస్తే ఇంటిల్లిపాదికీ సగటు కట్టి అందరికీ తలా కాస్త మందు పోసినట్టున్నది.

3. ఆ మూడు రోజుల సంగతి. జాతర ముందు అమ్మవారి ఇత్తడి ముఖానికి బంగారు పూత వేయించుట మా ఊరి ఆనవాయితీ. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి, ముఖానికి రాసి కుంపటి మీద కాలుస్తారు. పాదరసం పొగై పోతుంది, బంగారం మిగులుతుంది. మేము చర్చికి వెళ్ళేవాళ్ళమైనా, నీడ ఉన్నది మా పెరటి గోడ దగ్గరే గనుక కుంపటి అక్కడే పెడతారు. నాలుగో తేదీ ఉదయం కంసాలి సోమరాజు గారు వచ్చి అడిగారు.

"హన్నమ్మగారండీ, గాలి ఎటుందో మీ బుక్కు చూసి చెప్పండి. పొగ మీ ఇంట్లోకి రాకుండా పెడతాను."

ఉత్తరపు గాలి ఉన్నదని దక్షిణపు గోడ చూపించాను. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఒకసారి వెలిగించిన కుంపటిని పని ముగిసేదాకా కదపకూడదని వారి నియమం. మూడు మధ్యాహ్నాలూ పొగ తిన్నగా డాబా ఎక్కి తమ మెషిను నోట్లోకి పోయింది. చోటు చూపించినది నేనే. ఈ తప్పులో నా వాటా దాచను. కానీ మూడు రోజులూ "కంసాలి కుంపటి, గోడ పక్క, మధ్యాహ్నం గాలి డాబా వైపు" అని రాశాను.

ఈ మాట ఏమైందని తమ ఆఫీసు సహాయకులు, రిటైర్మెంటుకు దగ్గర పడిన ఎడ్విన్ గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చెప్పారు.

"చదివానండీ. కంప్యూటర్లో గడుల్లోకి అంకెలే ఎక్కుతాయండీ, కుంపట్లు ఎక్కవు."

4. నా లుంగీ లెక్క కూడా ఎక్కలేదట. పాదరసం ఎటు నుంచి వస్తున్నదో కంప్యూటర్లో లెక్క కట్టే తమ మోడల్‌కు గన్నవరం విమానాశ్రయంలో కొలిచిన గాలి లెక్క ఇచ్చారట. అది పడమటి గాలి గనుక, పాదరసం పడమట ఎక్కడి నుంచో వచ్చి మా చెరువుల మీద దిగుతున్నదని మోడల్ చెప్పిందట. అంత దూరపు గాలిని తెచ్చుకున్నవారు గోడ అవతలి పొగను వదిలేశారు.

5. రెండేళ్ళ క్రితం కొల్లేట్లో అయిదో కాంటూరు గీత లోపలి చెరువుల గట్లు పగలగొట్టినప్పుడు, గీత బయట పడి బతికిన చెరువు మాది. ఇప్పుడు గాలి లెక్కలో పోయేలా ఉన్నది. మ్యాపు పేపర్లో పడ్డాక చేపల లారీ రావడం మానేసింది. వేసవి గనుక కాలువలు కట్టేశారు, చెరువులో నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి, తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇరవయ్యో తేదీలోగా వల వేయకపోతే మూడువేల చేప చచ్చి గట్టుకు కొడుతుంది. మా వారు రోజంతా గట్టు మీదే కూర్చుంటున్నారు, అన్నం అక్కడికే పట్టుకెళ్తున్నాను. చేపలు కొనే నాగదుర్గారావు గారిని నేనే వెళ్ళి అడిగాను.

"మీ చేప మంచిదని నాకు తెలుసమ్మా. మ్యాపుకు తెలీదు కదండీ," అన్నారు.

పాస్టరు గారు మచ్చ మీద చేయి పెట్టి ప్రార్థించారు. పూజారి గారు కొబ్బరికాయ కొట్టారు. మచ్చ పోలేదు గనుక తమరికి రాయడమైనది.

6. గాలిని పీల్చి కొలిచారు, మోడల్ వేశారు, రంగులు వేశారు. చేపను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆ పొగ పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న సోమరాజు గారినీ ఎవరూ చూడలేదు. ఆయనకు టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. వయసు అనుకుంటూ వచ్చాము. ఆయనకు పరీక్ష చేయించవలెను.

కనుక ఆ మూడు రోజులు తీసి లెక్క మళ్ళీ వేయించి, మా చేపలో పాదరసం ఎంతో కొలిపించి, ఉన్నది ఉన్నట్టు ఇరవైలోగా కాగితం ఇప్పించవలెను. చేపలో నిజంగా ఉంటే ఆ మాటే రాయండి, వల వేయము. కొలవకుండా మాత్రం రాయవద్దు.

పై విషయములు చిత్తగించి, లుంగీని తక్కువగా చూడవద్దని కోరుతూ,

ఇప్పటివరకూ తమ విధేయురాలు,
హన్నమ్మ

జతపరచినవి: నోటుబుక్కు నకలు, తొంభై పేజీలు. శీలావతి చేప ఒకటి, బొచ్చె చేప ఒకటి.

తా.క.: చేపలు మా వారి చేత ఐసు పెట్టెలో పంపుతున్నాను. రసీదు ఇవ్వడానికి గుమస్తా గారు ఒప్పుకోకపోతే, పెట్టె తమ గది గుమ్మంలో దించి తిరుగు బస్సెక్కమని చెప్పాను. ఏలూరులో ఎండ నలభై మూడు అంటున్నారు. ఐసు మధ్యాహ్నం రెండింటి దాకా ఆగుతుంది. ఆపైన ఆ గాలిని కొలవడానికి తమకు మెషిను అక్కరలేదు.