రాజుగారు ముట్టని కూర

మార్చి 11, మంగళవారం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవించి రాయునది. ఇక్కడ నా మోకాలు తప్ప అందరూ క్షేమం. అక్కడ నీ కంప్యూటర్లన్నీ కులాసాయే అనుకుంటాను. మనుషుల సంగతి నీకెలాగూ పట్టదు.

నీ పుస్తకం చిత్తుప్రతి అందింది. మొదటిసారి చదివితే నవ్వొచ్చింది, రెండోసారి అదీ రాలేదు. ఆరువందల ఏళ్ళ నాటి రాజుగారి వంటింటి జాబితాలన్నీ కంప్యూటర్‌లో పోసి రంగుచుక్కల బొమ్మలు తీశారు. చుక్క ఎంత పెద్దదైతే ఆ వంటకం అంత ఇష్టమట. మీ అత్తయ్య చూసి, ఇదేమిటండీ, కాగితం మీద పోపు చిందిందా అంది. మీ జట్టులో పదకొండు మంది ఉన్నారు కదా, పొయ్యి దగ్గర నిలబడ్డవాడు ఒక్కడున్నాడా?

అన్నిటికంటే పెద్ద చుక్క చేదుదుంపల కూరది. మూడువందల పన్నెండు విందుల జాబితాల్లో ఉంది కాబట్టి రాజుగారికి అది ప్రాణమని తేల్చేశావు. ఒరేయ్, మూలప్రతిలో ఆ కూర పేరు పక్కన ప్రతిసారీ ఓ చిన్న వాలుగీత ఉంటుంది. ఎవరూ ముట్టకుండా తిరిగొచ్చిన గిన్నెకు వంటింటి గుమస్తా పెట్టిన గుర్తు అది. గీత ఉన్నవి పనివాళ్ళు తినవచ్చునని చివరి పుటలో వాడే రాసిపెట్టాడు. అంటే రాజు మొహం తిప్పుకున్న కూర, గిన్నెలు తోమేవాళ్ళ కడుపు నింపింది. మీ పుస్తకంలో వాళ్ళకు చుక్క కాదు కదా, నలుసైనా లేదు. పైగా ముందుమాటలో ‘శుభ్రపరచిన పాఠం’ అని గొప్ప ఒకటి. చెత్తతో పాటు ఇంట్లో మనుషుల్నీ ఊడ్చేస్తే శుభ్రం అనరు నాయనా.

శుక్రవారం సభలో పెద్దలు ఈ పుస్తకాన్ని ఒప్పుకోకపోతే మీ విభాగమే ఎత్తేస్తారని మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. ఏడవనీ. ఏనుగంత యంత్రం కొనుక్కుని చీమంత గీతను చూడలేనివాళ్ళకు విభాగం ఎందుకు?

ఇట్లు,
నీకు అక్షరాలు దిద్దించి లోకానికి అన్యాయం చేసిన
మామయ్య

తా.క. ఉత్తరం చదివి మీ అత్తయ్య, అసలు సంగతి రాస్తేనే పోస్టు చేస్తానని కూర్చుంది. రాస్తున్నాను. గీతలు తీసేసింది నీ కంప్యూటర్ కాదు. మీరు దానికి మేపింది ముప్ఫై ఏళ్ళ కింద నేను అచ్చువేసిన ప్రతి. మరకలనుకుని గీతలు నేనే వదిలేశాను. అతుక్కుపోయిన చివరి పుటను విడదీసే ఓపిక చేసుకోలేదు. ఆ పుటను ఇప్పుడు విడదీసి, మూలప్రతిలోని జాబితాలతో పాటు ఫొటో తీయించింది మీ జట్టులోని అమ్మాయి. పోయిన నెల తెచ్చి చూపించి, పాత లిపి మాకు రాదు, ఈ గీతలేమిటి తాతగారూ అనడిగింది. చదివాను. అర్థమైంది. నా పుస్తకం కళ్ళముందు కూలింది. మట్టిమరకలమ్మా, తుడిచెయ్యి అన్నాను. పాపం, నమ్మింది. ఈ కాగితం శుక్రవారం సభలో గట్టిగా చదువు. మామయ్యనని మొహమాటపడి నా పేరు మింగెయ్యకు.