తలనొప్పికి తల్లిగారిల్లు

జులై 3, గురువారం

కామారెడ్డి. తల్లిగారింట్లో, కిటికీ కింద మంచం నాది. కానుపుకొచ్చినట్టే వచ్చాను... నలభై ఒక్క ఏళ్ళ వయసులో, ఒక తలనొప్పిని మోసుకొని. సందు మలుపు తిరిగానో లేదో పక్కింటి రాజవ్వ కళ్ళు నా సంచి మీదే.

"ఏందే సుజాతా, గింత పెద్ద సంచి? ఏమన్న ఇశేషమా?"

"తల నొస్తున్నది చిన్నమ్మా."

"గంతేనా!" అంది. పాపం, ఎంత నిరాశ.

ఇక్కడి డాక్టరు మాట నిన్నటి నుంచి చెవిలోనే ఉంది. రోజూ వేసుకునే తలనొప్పి గోలీయే రోజూ తలనొప్పిని తెస్తోందట. పూర్తిగా మానాలి. మానగానే నొప్పి ముందు ఇంకా పెరుగుతుంది, ఓర్చుకుంటే తర్వాత పోవచ్చు. "పోవచ్చు" అన్నాడు. "పోతుంది" అనలేదు. మధ్యలో ఒక్కటి మింగినా మళ్ళీ మొదటికే.

ఎల్లారెడ్డిలో ఉంటే నా వల్ల కాదు. కుట్టు మిషన్ మీద దారపు ఉండలెంతో గోలీలూ అంతే, చెయ్యి దానంతటదే పోతుంది. అందుకే అవ్వ దగ్గరికి. నన్ను కన్నది, కాస్త కాపలా కూడా కాయదా!

శ్రావణం వచ్చేలోపు తల బాగుపడాలి. పెళ్ళి జాకెట్ల పనుంది. జాకెట్లు పోతే పోనీ... నొప్పి లేని తల ఎట్లా ఉంటుందో మరిచిపోయాను. అది కావాలి నాకు.

జులై 4

మొదలైంది.

జులై 5

ఎడమ కణత. కళ్ళు తెరిస్తే వెలుతురు గుచ్చుతుంది. మూస్తే ఎల్లారెడ్డి. దుకాణంలో నేను లేను, మిషన్ చక్రం తిరుగుతూనే ఉంది. సూది కింద నుంచి పసుపుపచ్చ గుడ్డ వస్తోంది, వస్తోంది, గడప దాటి, రోడ్డు దాటి, నిజాంసాగర్ దాకా పోయి నీళ్ళ మీద పరుచుకుంటోంది. ఎవరి జాకెట్టు ఇది, కొలతలెవరివి అని అడుగుతున్నాను. ఎవరూ పలకరు.

మెలకువ. కత్తెర చప్పుడు. అవ్వ గుమ్మం దగ్గర కూర్చొని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. తడి ఆకు వాసన... తంబాకు వాసన... వాంతి. అవ్వ చేట పక్కన పెట్టి, వీపు రాసి, మళ్ళీ చేట ఒళ్ళో పెట్టుకుంది.

జులై 7

ఈ రోజు కూర్చోగలిగాను. గోడకు ఆనుకొని బీడీల గుంపును చూస్తున్నాను. రాజవ్వ, అవ్వ, ఇంకో ఇద్దరు. వేళ్ళు కదులుతుంటాయి, నోళ్ళూ కదులుతుంటాయి. పదకొండు కాగానే చాయ. ఒకరి వంతు చక్కెర, ఒకరి వంతు పాలు, ఒకరి వంతు గోలీలు. ఎప్పటి నుంచో ఇంతే. సాసర్లో బిస్కెట్టు పక్కన గోలి. నొప్పి ఉందా అని ఎవరూ అడగరు. చాయకు చక్కెర కావాలా అని అడుగుతారా ఏంటి?

నాకు పదిహేనేళ్ళప్పుడు ఈ గుంపులోనే మొదటి గోలి. మెడ పట్టేసిందని ఏడుస్తుంటే రాజవ్వే నోట్లో పెట్టింది. పెద్దదాన్నయిపోయాననుకొని ఎంత సంబరపడ్డానో.

ఈ రోజు అలవాటుగా నా ముందుకూ సాసర్ వచ్చింది. అవ్వ అరచేయి అడ్డం పెట్టింది. "దానికొద్దు."

"అయ్యో, బిడ్డ మొఖం జూడు ఎట్ల గుంజుకపోయిందో. ఒక్కటి ఏస్తే ఏమైతది?"

"ఒద్దంటె ఒద్దు రాజవ్వా."

ఆ అరచేయిని కొరకాలనిపించింది నాకు.

జులై 8

బతిమిలాడాను. సగం ముక్క అన్నాను. పావు అన్నాను. ఒక్కసారి నాలుకతో నాకి ఇచ్చేస్తానన్నాను, థూ, నా నోటితోనే అన్నాను ఈ మాట.

"లేదు."

"నువ్వు తల్లివేనా?"

"తల్లిని గాబట్టే కూసున్న. లేకుంటె ఎప్పుడో ఇచ్చి పండుకుందును."

జులై 10

నొప్పి ఇంతకు ముందులాగే. పడుకొని పడుకొని నడుము కూడా పట్టేసింది. నడుం గోలి ఒకటి వేసుకున్నాను, నిన్నా మొన్నా లాగానే. నీళ్ళు అవ్వే ఇచ్చింది. గోలి రంగు వేరు, అట్ట వేరు. మిషన్ తొక్కే నడుముకు ఏళ్ళుగా ఇదే దిక్కు.

జులై 12

ఆయన ఫోను.

"తగ్గిందా?"

"ఎక్కువైంది."

"మరెందుకు పోయినవ్ గక్కడికి?"

ఏం చెప్పను ఈ మనిషికి? పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ చేసి, వంకాయ కూరలో పులుసు ఎంత పొయ్యాలని అడిగాడు. చెప్పాను. నవ్వొచ్చింది, నవ్వితే కణత నొచ్చింది.

జులై 14

వాన. రోజంతా ఒకే రంగు వెలుతురు... పొద్దున్నో సాయంత్రమో తెలీదు. స్టేషన్లో రైలు కూసినప్పుడల్లా నేను అందులో ఉన్నట్టే ఉంది. ఎక్కడికి పోతోందో తెలియని రైలు, అందరూ నిద్రపోతున్నారు, అందరి తలలూ తెల్లటి గుడ్డలతో కట్టి ఉన్నాయి. నాన్న కూడా ఉన్నాడు. పోయినప్పటి కంటే చిన్నగా. "దిగే ఊరు వస్తే లేపు బిడ్డా" అన్నాడు. నేనూ నిద్రపోయాను.

లేచేసరికి అవ్వ వాకిట్లో చెప్పులతో తిప్పలు పడుతోంది. కాలు దూరడం లేదు.

"ఏందవ్వా, గట్ల ఉబ్బినయ్?"

"కూసొని కూసొని ఉబ్బుతయ్. నువ్వు పండుకో." కార్ఖానాకు బీడీలివ్వడానికి వట్టి కాళ్ళతో పోయింది.

జులై 17

ఈ పాటికి తగ్గాలి కదా. ఏం తగ్గలేదు. అంతా ఉత్తదే. డాక్టర్లకేం, చెప్పిపోతారు, పడేది మనం. రేపు పోయి ముఖం మీదే అడుగుతాను.

జులై 18

పోయాం. అవ్వ కూడా వచ్చింది, సాక్ష్యానికి.

"నా బిడ్డ ఒక్కటి ముట్టలే సార్, నా మీద ఒట్టు" అంది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు సార్" అన్నాను.

"నడుం గోలి ఏస్తది, గంతే" అంది అవ్వ. "అది తలకాయది గాదు సార్."

డాక్టరు చెయ్యి చాపాడు. సంచిలోంచి అట్ట తీసి ఇచ్చాను. వెనక్కి తిప్పి చదివాడు. అట్ట బల్ల మీద పెట్టి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నొప్పి గోలికి మీ తలెక్కడుందో నడుమెక్కడుందో తెలీదమ్మా. ఇదీ ఆ జాతే. రోజూ వేసుకుంటే దీనితోనూ తలనొప్పి వస్తుంది. మీరు ఇంకా మొదలే పెట్టలేదు."

ఇంకా మొదలే పెట్టలేదు. ఆ వాంతులు, ఆ బతిమిలాటలు, ఆ వాన... ఏదీ లెక్కలోకి రాదు. అక్కడే ఏడ్చేశాను. బయట కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు. చూడనీ.

అవ్వ ముఖం తెల్లబోయింది. "నేనే నీళ్ళిచ్చిన" అంటోంది. "నా చేతుల్తోని నేనే ఇచ్చిన."

"ఈ గోలీలు మీ ఇంట్లో ఇంకెవరు వాడతారు?"

"నేనే సార్. మోకాళ్ళకు."

"ఎన్నాళ్ళుగా?"

అవ్వ నా వైపు చూసింది. "నీ పెండ్లికి ముందటి నుంచే గద?"

ఆయన లేచి వచ్చి అవ్వ పాదం మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక గుంట అట్లాగే ఉండిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, నిండటం లేదు. రక్తమూ మూత్రమూ పరీక్షకు రాశాడు. నా సంగతి ఆయనా నేనూ ఇద్దరం మరిచిపోయాం.

జులై 19

కిడ్నీలు. అవ్వవి పూర్తిగా పోలేదు, కానీ దెబ్బ తిన్నాయి. బీపీ కూడా ఉంది. ఇప్పుడు ఆపితే ఉన్నంత కాపాడుకోవచ్చు, ఆపకపోతే మిషన్ మీద రక్తం కడిగించుకునే దాకా పోతుంది. కడుపులో పుండ్లు పడి రక్తం పోయేది కూడా ఈ గోలీలతోనే అని చెప్పాడు. మోకాళ్ళకు పూత మందు, కాపడం, కూర్చొని చేసే కసరత్తు. మరీ ఓర్చుకోలేకపోతే తనను అడగాలి, మెడికల్ షాపులో కాదు.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది. "కిడ్నీలల్ల నాకేం నొప్పి లేదు గద సార్?"

"రాదమ్మా. నొప్పి లేకుండానే పాడైపోతాయి. అదే దీంతో వచ్చిన చిక్కు."

నిజాంసాగర్ చౌరస్తా దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. ఇంత నొచ్చే తల బాగానే ఉందట. ఏ నొప్పీ లేనివి పాడవుతున్నాయట. లోకం తలకిందులైనట్టు ఉంది. అవ్వ నా భుజం పట్టుకొని నిలబడింది. నేనెప్పుడూ చూడలేదు ఆమె ఏదన్నా పట్టుకొని నిలబడటం.

జులై 20

ఇంట్లో ఉన్న గోలీలన్నీ మోరీలో వేశాను. ఇద్దరం ఇక మొదటి నుంచి.

చాయ వేళకు రాజవ్వ సాసర్ తెచ్చింది. అవ్వ వద్దంది. రాజవ్వకు కోపం. "ఇన్నేండ్లు తిన్న చెయ్యి గియ్యాల చేదైందా?" సంగతి చెప్పాను. కిడ్నీల మాట రాగానే రాజవ్వ తన చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగి, పాదాలు చూసుకొని, మళ్ళీ కప్పేసింది. చాయ తాగింది. గోలి కూడా వేసుకుంది.

జులై 22

నా తల సంగతి రాయను. రాస్తే పేజీ చిరుగుతుంది.

అవ్వ మోకాళ్ళు. ఇన్నేళ్ళూ గోలి కింద దాక్కున్న నొప్పంతా ఒక్కసారే బయటికొచ్చింది. నేల మీద దేకుతూ పొయ్యి దగ్గరికి పోతోంది. ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టాను. పూత మందు రాశాను. పొద్దుగూకే వేళ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి తెచ్చియ్యి బిడ్డా. ఎవలకు తెలుస్తది?"

"డాక్టరుకు ఫోన్ చేస్త అవ్వా. ఏసుకునేది ఏమన్న ఉన్నదేమో అడుగుత."

"గాయిన మందొద్దు. మనదే. ఒక్కటి."

"లేదు."

"నువ్వు గట్ల ఏడిస్తె నేనెట్ల ఇయ్యకుంట కూసున్ననో, ఇప్పుడు నాకే సమజైతలేదు" అంది.

ఆమెలాగా కూర్చోలేకపోయాను. బయటికి పోయి సందు చివర నిలబడ్డాను. మెడికల్ షాపు దీపాలు కనిపిస్తున్నాయి, ఎంత దగ్గరో. తిరిగి వచ్చేశాను. ఎట్లా వచ్చానో నాకు తెలీదు.

జులై 24

డాక్టరు ఒక మందు చెప్పాడు, రోజుకు ఇంతే అని, అదీ అవ్వకే. కొంచెం నయం. కొంచెమే.

రెండు మంచాలు పక్కపక్కన వేశాను. మధ్యాహ్నాలు ఇద్దరం అటూ ఇటూ. ఒకరు మూలిగితే రెండోవాళ్ళు తక్కువ మూలుగుతారు, ఇదేదో వంతులా కుదిరింది. అవ్వ ఇక అడగడం లేదు. ఈ రోజు అడక్కపోవడానికి కారణం కూడా చెప్పింది, కళ్ళు మూసుకొనే.

"నీకు నొస్తున్నది. నువ్వు ఓర్సుకుంటున్నవ్. కన్నదాన్ని, నేను అడుగుడేంది?"

జులై 25, శుక్రవారం

శ్రావణం. ఆయన ఫోను. జాకెట్లకు వస్తున్నారట, తాళం చూసి పోతున్నారట. "ఎప్పుడొస్తవే? నీ చేతి తిండి లేక సగమైన."

"తల తగ్గంగనే వస్త."

జులై 27

కల. పెద్ద చెరువు, ఆకుపచ్చ నీళ్ళు, నేనూ అవ్వా నడుము లోతులో. అవ్వకు నా వయసు. నీళ్ళలో కాళ్ళు తేలికగా ఉన్నాయట, చూపిస్తోంది, ఎగురుతోంది. నవ్వుతోంది. ఎవరో ఒడ్డు నుంచి పిలుస్తున్నారు. వినపడనట్టు ఉన్నాం ఇద్దరం.

జులై 30, బుధవారం

పొద్దున మెలకువొచ్చింది. ఏదో తేడాగా ఉంది. ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టు... అట్లాగే పడుకున్నాను, కదిలితే ఎక్కడ తెలుస్తుందోనని. కిటికీలో వెలుతురు. కళ్ళు తెరిచి చూశాను, గుచ్చడం లేదు. పావురం రెక్కల చప్పుడు విన్నాను. రాజవ్వ ఇంట్లో ఉల్లిగడ్డ వేగుతున్న వాసన, అబ్బ, ఎంత బాగుంది.

నొప్పి లేదు.

తల ఇంత తేలికా! ఏడుపొచ్చింది, నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఎగిరి గంతెయ్యాలనుంది. ఆయనకు చెప్పాలనుంది. ఎల్లారెడ్డి బస్సు పొద్దున్నే ఉంటుంది.

పక్క మంచంలో అవ్వ మేలుకొనే ఉంది. రెండు చేతులతో మోకాలు పట్టుకొని, పైకప్పు చూస్తోంది. పెదవి పళ్ళ కింద ఉంది. నేను కదిలేసరికి ఇటు తిరిగింది.

"తగ్గిందా బిడ్డా?"

తగ్గిందంటే నేను పోవాలి. పోతే, సందు చివర మెడికల్ షాపు. సాసర్ పట్టుకొని రాజవ్వ. నొప్పితో ఒక్కతే అవ్వ.

"లేదవ్వా" అన్నాను.

"ఓర్సుకో" అంది. చెయ్యి చాపి నా కణత మీద వేసి, నొప్పి లేని చోటే మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది.